ఆలస్యంగా వచ్చిన రెండో గీత

లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లల కోసం నా అనుభవాలు రాసి ఇమ్మని కాలేజీవాళ్ళు అడిగారు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, "మేడం, కాస్త స్ఫూర్తి కలిగేట్టు ఉండాలండీ" అన్నారు. ఆయన మంచాయనే, కాదనను. కానీ నా దగ్గర స్ఫూర్తి ఎక్కడిది, నా మొహం! సూది గుచ్చాను, రక్తం తిప్పాను, చూశాను, రాశాను. అంతే నా ఉద్యోగం.

పైగా రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు గుర్తొచ్చేవి సన్మానాలు కావు. ఏ పూటో వంటింట్లో పోపు వేస్తూ ఉంటే ఎప్పటిదో ఒక మాట గుర్తొస్తుంది, చేతిలో గరిటె అట్లాగే ఆగిపోతుంది. మా ఆయన "ఏవిటీ, ఆవాలు మాడుతున్నాయి" అంటారు. నేనేం చెప్పను? ఒక జ్వరం కార్డు గురించి సిగ్గుపడుతున్నానని చెబితే నవ్వుతారు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు రేపు అదే కౌంటర్లో కూర్చోబోతున్నారు కాబట్టి నవ్వరు.

స్లైడ్ల కాలం

తొంభైలలో నేను పనిలో చేరినప్పుడు మా లాబ్ అంటే పటమటలో ఒక సందులో రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, కౌంటరు. వెనక గదిలో మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్జు, నేను. పక్కనే డాక్టరు గారి కేబిన్. ఆయన పాథాలజిస్టు, లాబ్ ఆయనదే. పేరు రాయను. ఆయన పోయారు, పిల్లలు బతుకుతున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఆ రోజుల్లో జ్వరం అంటే స్లైడే. వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తం పూసి, రంగు పోసి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టి మెడ పట్టేసేదాకా చూడాలి. నేను గబగబా చూసి లేస్తే డాక్టరు గారు కేబిన్లోంచే కేకేసేవారు.

"అప్పుడే లేచావేం? కూర్చో. మళ్ళీ చూడు."

నాకు ఒళ్ళు మండేది. బయట బెంచీ నిండా జనం, లోపల ఉక్కపోత, ఈయన చూస్తే మళ్ళీ మళ్ళీ అంటారు. కానీ రెండోసారి చూస్తే మలేరియా దొరికిన స్లైడ్లు ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి? దొరకనప్పుడు నేను "లేదండీ" అంటే ఆయన చిరాకుపడేవారు. "నాకు కనపడలేదండీ అను. లేదని తేల్చడానికి నువ్వెవరివి? సాయంత్రం మళ్ళీ చలి పెడితే మళ్ళీ రమ్మని చెప్పు" అనేవారు. ఆయన గురించి ముందుముందు చెడ్డగా కూడా చెప్పబోతున్నాను. అందుకే ఈ మంచి ముందే చెప్పేశాను.

మలేరియా కాక, టైఫాయిడ్ కాక మిగిలినదాన్ని వైరల్ ఫీవర్ అనేవాళ్ళం. మాకు తెలీదు అనడానికి అదో మర్యాదైన పేరు. డెంగ్యూ అని అనుమానం వస్తే రక్తం పై ఊరు పంపాలి. అక్కణ్ణుంచి కబురొచ్చేసరికి పేషెంటు నయమై ఇంటికైనా వెళ్ళేవాడు, లేదా ఆ కబురుతో ఇంట్లోవాళ్ళకి పనైనా ఉండేది కాదు.

కార్డు వచ్చాక

రెండు వేల సంవత్సరం దాటాక కార్డులు వచ్చాయి. మీరు రోజూ చూసేవే, కానీ మాకు అప్పుడు వింత. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క. రక్తం తిప్పగా పైన తేరిన సీరం ఒక చుక్క, దానిమీద మందు చుక్కలు. కాసేపాగితే గీత పడుతుంది. మొదటి గీత కార్డు పనిచేస్తోందని చెబుతుంది. రెండోది కూడా పడితే డెంగ్యూ. కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు. వానాకాలం సగం రోజు కరెంటు పోయే మాలాంటివాళ్ళకి అది వరమే. కార్డుని తిట్టేవాళ్ళని నేనొప్పుకోను. తప్పులన్నీ కార్డు చుట్టూ ఉన్న మనవే.

మొదటి తప్పు మైలవరం దగ్గర ఒక ఊళ్ళో జరిగింది. ఊరంతా జ్వరాలని మా డాక్టరు గారు క్యాంపు పెట్టించారు. బడి వరండాలో బల్లలేసుకుని నేను, నా జూనియర్ కరుణ కూర్చున్నాం. రక్తంలోంచి సీరం తేర్చే చేతి సెంట్రిఫ్యూజ్ తిప్పీ తిప్పీ భుజాలు పోయాయి. కార్డులన్నీ వరసగా బల్ల మీద పేర్చి, చుక్కలు వేసి, ఇంతలో భోజనానికి పిలిస్తే వెళ్ళాం. ముద్దపప్పు, గుత్తొంకాయ, గడ్డపెరుగు. ఆ ఇంటావిడ వద్దన్నా వడ్డిస్తూనే ఉంది. మేమూ వద్దన్నట్టే అని తింటూనే ఉన్నాం.

తిరిగొచ్చి చూస్తే బల్ల మీద ఏ కార్డు చూసినా రెండో గీత! సన్నగా, మాసినట్టుగా, కానీ ఉంది. కరుణ "మేడం, ఊరు ఊరంతా డెంగ్యూనే!" అంది. నేనూ నమ్మేశాను. ఆ మాట వరండా దిగి వీధిలోకి వెళ్ళడానికి ఎంతసేపు? పిల్లల్ని ఎత్తుకుని, పరుపులు చుట్టుకుని, దొరికిన ట్రాక్టరెక్కి జనం విజయవాడ బయల్దేరారు.

అప్పుడు ఆ ఊరి నర్సమ్మ నవ్వుతూ వచ్చింది. పొద్దున సరదాకి తనది కూడా ఒక చుక్క వేయించుకుందిలెండి. ఆవిడకి జ్వరం లేదు, ఒళ్ళునొప్పి లేదు, బియ్యపు బస్తాలా ఉంది. ఆవిడ కార్డులోనూ రెండో గీత.

సంగతేమిటంటే, చెప్పిన టైముకి చదవకుండా వదిలేస్తే కార్డు ఎండలో ఆరిపోయి, రోగం ఉన్నా లేకపోయినా సన్నగా ఒక గీత తేలుతుంది. కిట్టుతోపాటు వచ్చిన కాగితంలో ఆ ముక్క ఉంది. మేం చదవలేదు. మిగిలినవాళ్ళకి మళ్ళీ చేస్తే ఎవరో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ రాలేదు. కానీ వెళ్ళిపోయిన ట్రాక్టర్ల వెనక ఎవరు పరిగెత్తగలరు? ఆ నర్సమ్మే సైకిల్ మీద ఒకణ్ణి పంపింది. నేను మాత్రం తల ఎత్తకుండా సామాను సర్దుకుని వచ్చేశాను.

వచ్చాక చెంపలేసుకున్నాను. కౌంటరు మీద గడియారం పెట్టించాను. చుక్క వేసిన టైము కార్డు అంచు మీదే రాయాలని రూలు పెట్టాను. టైము దాటాక కార్డు ముట్టుకుంటే కరుణని చెడామడా తిట్టేదాన్ని. "టైము దాటిన గీత గీత కాదు" అని రోజుకి ఎన్నిసార్లు అనేదాన్నో. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ అది రానురాను నాకు గర్వమైంది. విజయవాడలో కార్డు చదవడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అన్నంత గర్వం.

కార్డు ఇంటికి

అదే రోజుల్లో ఇంకో అలవాటు నేనే మొదలుపెట్టాను. జనానికి లాబులంటే అనుమానం. "లోపల నిజంగా చేస్తారో, ఊరికే రాసిస్తారో" అని మొహం మీదే అనేవాళ్ళు. అనరూ మరి? ఎన్నో చోట్ల ఊరికే రాసిచ్చేవాళ్ళు. నాకు రోషం వచ్చింది. రిపోర్టు కాగితానికి ఆ కార్డుని టేపుతో అంటించి ఇవ్వడం మొదలెట్టాను. "నా మాట మీద నమ్మకం లేకపోతే కార్డు చూసుకోండి. ఒక గీతైతే లేదు, రెండైతే ఉంది" అని అందరికీ చెప్పేదాన్ని.

జనానికి అది భలే నచ్చింది. కార్డిచ్చే లాబ్ అని మాకు పేరొచ్చింది. ఆటోనగర్ నుంచి, కానూరు నుంచి కూడా మా సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. డాక్టరు గారు మురిసిపోయారు. ఇప్పుడు ఆలోచిస్తే నా తెలివికి నాకే నవ్వొస్తుంది. టైము దాటితే గీత తేలుతుందని మైలవరంలో కళ్ళారా చూసినదాన్ని, అదే కార్డు జనం చేతికిచ్చి ఇంటికి పంపుతున్నాను! "తర్వాత చూడకండి" అని ఒక మాట చెప్పేదాన్నిలెండి. చేతిలో పెట్టి చూడొద్దంటే ఎవరు చూడకుండా ఉంటారు?

మస్తాన్ గారు

మస్తాన్ గారు ఆటోనగర్లో లారీలకి రంగులేసేవాడు. లారీ వెనక తలుపు మీద నెమలి బొమ్మ, అక్షరాలు, పూలతీగలు, అన్నీ ఆయన చెయ్యే. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో ఎర్రరంగు పోయేది కాదు. మా కరుణ వాళ్ళ వెనక వీధిలోనే ఉండేవాళ్ళు. ఆయన కూతురు ఫర్జానా ఇంటర్ చదువుతోంది. బెరుకు లేని పిల్ల. సూది చూసి మొహం తిప్పుకోకుండా, "ఆ గొట్టాన్ని ఎందుకు తిప్పుతారు మేడం?" అని అడిగింది.

జ్వరం నిన్నటినుంచే అన్నారు. కార్డు వేశాను. గడియారం చూసుకుని సరిగ్గా టైముకి చదివాను. ఒకటే గీత. నెగటివ్ అని రాసి, కార్డు అంటించి ఇచ్చాను. మస్తాన్ గారు కళ్ళకద్దుకున్నంత పని చేసి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే కౌంటరు ముందు నిలబడ్డాడు. జనం మంచి రద్దీ మీద ఉన్నారు. చేతిరుమాల్లో చుట్టిన కార్డు జాగ్రత్తగా విప్పి నా ముందు పెట్టాడు.

"మేడం, ఒక్కసారి చూడండి. నిన్న మీరిచ్చినప్పుడు ఒకటే ఉంది. పొద్దున చూస్తే రెండో గీత వచ్చింది."

నేను కార్డు చూశాను. సన్నగా, మాసినట్టుగా, మైలవరంలో చూసిన అదే గీత. నాకు నవ్వొచ్చింది. ఊరికే నవ్వితే పోయేది. నోరు పారేసుకున్నాను.

"ఏం మస్తాన్ గారూ, రాత్రంతా కోడిపెట్టలా దీన్ని పొదిగారా ఏంటి, పొద్దునకి రెండోది పుట్టింది?"

బెంచీల మీద జనం గొల్లుమన్నారు. కేబిన్లోంచి డాక్టరు గారి నవ్వు కూడా వినపడింది. మస్తాన్ గారు కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే నవ్వక తప్పని నవ్వు అది. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

"అది కాదు మేడం. పిల్లకి జ్వరం తగ్గలా. కళ్ళ వెనక నొప్పంటోంది. ఇంకోసారి చూస్తారేమోనని..."

"జ్వరమన్నాక ఒక్కరోజులో తగ్గుతుందా అండీ? టైము దాటిన గీత గీత కాదు. చదివింది నేను, టైముకి చదివాను. ఊరికే కంగారుపడి మమ్మల్ని కంగారుపెట్టకండి. చూడండి వెనక ఎంతమంది ఉన్నారో."

"మీరు చెబితే సరే మేడం" అన్నాడు. కార్డు మళ్ళీ రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కరుణ వైపు తిరిగి, "చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు పడిపోతోంది" అన్నాను. డాక్టరు గారు బయటికొచ్చి, "బాగా చెప్పావ్" అన్నారు.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. గీత సంగతిలో నేను చెప్పింది అక్షరాలా నిజం. పరీక్షలో ఆ జవాబు రాస్తే మీకు మార్కులేస్తారు. కానీ మేం అప్పుడు వాడే కార్డు వెతికేది డెంగ్యూ పురుగుని కాదు, దానితో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాన్ని. అది రక్తంలో కనపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. మొన్న మొదలైన జ్వరానికి నిన్న వేసిన కార్డు ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. టైముకి చదివినా చెప్పదు. ఆయన పట్టుకొచ్చిన రెండో గీత ఎంత ఉత్తదో, నేను రాసిచ్చిన నెగటివ్ కూడా అంత ఉత్తదే. అది నాకు తెలియని సంగతేం కాదు, కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని. కళ్ళ వెనక నొప్పి దేనికి గుర్తో కూడా నేనే చెప్పేదాన్ని. ఆ పొద్దున ఆ రెండూ నా తలలోకి రాలేదు. వాదన గెలవాలన్న ధ్యాసే తప్ప ఇంకేమీ లేదు.

ఆయనకి కావలసింది ఒకే మాట. "ఆ గీత సంగతి వదిలేయండి, జ్వరం తగ్గకపోతే పిల్లని ఇంకో రెండ్రోజులాగి మళ్ళీ తీసుకురండి, ఈలోపు డాక్టరుకి చూపించండి." ఇంతే. చెప్పడానికి ఎంతసేపు? కోడిపెట్ట జోకంత సేపు.

పెద్దాసుపత్రి

తర్వాత ఏం జరిగిందో కరుణ చెప్పింది. ఫర్జానాకి జ్వరం దానంతటదే దిగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ పిల్ల తల్లి వీధిలో అందరితో "ఆ మేడం కార్డు చూసి చెబితే తిరుగులేదు" అందట. డెంగ్యూలో అసలు భయపడాల్సింది జ్వరం దిగినప్పుడేనని వాళ్ళకెవరు చెప్పారు? చెప్పాల్సినదాన్ని నేను. మర్నాటికి పిల్లకి వాంతులు, కడుపునొప్పి. చేతులు, కాళ్ళు చల్లబడ్డాయి. చిగుళ్ళలోంచి రక్తం.

"పెద్దాసుపత్రిలో చేర్చారంట మేడం" అంది కరుణ.

"ఎవర్ని?" అన్నాను. తెలిసే అడిగాను. ఇంకెవరో అయితే బాగుండునని అడిగాను.

ఆటో చేసుకుని వెళ్ళాను. వార్డు కిటకిటలాడుతోంది, మంచానికిద్దరు. ఫర్జానా గోడవైపు తిరిగి పడుకునుంది. ఒక చేతికి సెలైను, నోటి దగ్గర గుడ్డ ముక్క మీద రక్తపు మరకలు. అక్కడ మళ్ళీ కార్డు వేశారట. టైముకే పడింది రెండో గీత, చిక్కగా, ఎర్రగా. ఇంకా ఏమీ చెప్పలేమని డ్యూటీ డాక్టరు అన్నాడు.

నన్ను చూడగానే మస్తాన్ గారు ఉన్న ఒక్క స్టూలు మీంచి లేచి, తువ్వాలుతో తుడిచి, "కూర్చోండి మేడం" అన్నాడు. నేను తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళాను. కొట్టినా పడేదాన్నే. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు మీ లాబ్ దగ్గర గొడవ చేశాను. మనసులో పెట్టుకోకండి మేడం. మీరు చెప్పింది నిజమే. అప్పటికి లేదు. ఆ తర్వాతే ఏదో దోమ కుట్టుంటది. మా వీధిలో నీళ్ళు నిలిచిపోయినాయి."

తల కొట్టేసినట్టయింది నాకు. కూతురు ఆ స్థితిలో ఉంటే ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు! పక్కన పిల్ల తల్లి పైట చెంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తోంది, నేనేదో ధైర్యం చెబుతానని. నిజం నోటిదాకా వచ్చింది.

"పర్లేదండీ" అన్నాను. "పిల్లని చూసుకోండి."

పర్లేదట! నేను క్షమించేశానన్నమాట! బస్సెక్కి ఇంటికొస్తూ ఆ మాట తలుచుకుంటే చచ్చిపోవాలనిపించింది. పటమట దిగాల్సినదాన్ని రెండు స్టాపులు దాటి దిగాను.

డాక్టరు గారితో

మర్నాడు డాక్టరు గారి కేబిన్లోకి వెళ్ళి, ఇకమీదట నెగటివ్ రిపోర్టు కింద ఒక ముక్క రాద్దామన్నాను. తొలి రోజుల్లో ఈ పరీక్షలో తెలియకపోవచ్చు, జ్వరం ఉన్నా దిగినా నీరసంగా ఉంటే మళ్ళీ రండి అని. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"అట్లా రాస్తే, మరి ఈ లాబ్‌కి ఎందుకొచ్చాం అనుకుంటారమ్మా. జనం మన దగ్గరకొచ్చేది ధైర్యం కోసం. నెగటివ్ అంటే వాళ్ళకి ధైర్యం."

"లేదని తేల్చడానికి నువ్వెవరివి అని మీరే అనేవారు కదండీ."

"అవి స్లైడ్ల రోజులు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని పేపరు చూసుకున్నారు.

నాకప్పుడు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆయన నాకు నేర్పింది ఆయన మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను, ఇద్దరం ఒకే కార్డు చూసి మరిచిపోయాం. మంచి బాసులు కూడా చెడిపోతారు పిల్లలూ, పక్కనే ఉండి మనమూ చెడిపోతాం, ఎప్పుడు చెడ్డామో కూడా తెలీదు. నేను గొడవ పెట్టుకోలేదు. నెగటివ్ రిపోర్టు ఇచ్చే ప్రతివాళ్ళకీ గొంతు తగ్గించి, ఆయనకి వినపడకుండా "తగ్గకపోతే మళ్ళీ రండి" అని చెప్పడం మొదలెట్టాను. కార్డు అంటించడం మానేశాను. దొంగతనం చేస్తున్నట్టు మంచిపని చేశాను. అది కూడా సిగ్గే.

రోజూ కరుణ మొహం చూసేదాన్ని, ఏం కబురు తెస్తుందోనని. పిల్లకి ప్లేట్లెట్లు ఎక్కించారంది. ఇంకా రక్తం ఆగలేదంది. తర్వాత ఒకరోజు, కాసిని మజ్జిగ తాగిందంది. వెనక గదిలోకి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు పట్టుకుని ఏడ్చాను.

బందరు లడ్డూలు

ఫర్జానా ఇంటికొచ్చింది. బతికింది. అది మావల్ల కాదు, పెద్దాసుపత్రివాళ్ళ వల్ల, ఆ పిల్ల గట్టిదనం వల్ల.

కొన్నాళ్ళకి ఒక పొద్దున మస్తాన్ గారు లాబ్‌కి వచ్చాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, చేతిలో బందరు లడ్డూల డబ్బా. ఆ రోజు కూడా బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఆయన డబ్బా నా ముందు పెట్టి, జనం వైపు తిరిగాడు.

"అందరూ వినండి. మొన్న ఇక్కడే నిలబడి నేను ఈ మేడంతో వాదన పెట్టుకున్నా. నాకు తెలీదు, చదువు లేనోణ్ణి. మేడం చెప్పిందే నిజం. ఆవిడ మాట వినండి. నాలాగా అనుమానపడకండి."

ఆయన లెక్కేమిటో నాకు అర్థమైంది. నలుగురిలో నాతో వాదించాడు కాబట్టి నలుగురిలోనే దిద్దుకోవాలి. మర్యాద తెలిసినవాడు. బెంచీల మీద అందరూ నావైపు గౌరవంగా చూస్తున్నారు. డాక్టరు గారు కేబిన్ గుమ్మంలో నిలబడి చిరునవ్వు నవ్వుతున్నారు. నేను "పర్లేదండీ" అని ఇంకోసారి అంటే సరిపోతుంది. అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. మస్తాన్ గారు బతికినంతకాలం తనే తప్పు చేశాననుకుంటాడు.

లేచి నిలబడ్డాను.

"కాదు మస్తాన్ గారూ. అమ్మాయికి ఆ రోజే డెంగ్యూ ఉంది. మీరు తెచ్చిన గీత ఉత్తదే, అది నిజం. కానీ నేనిచ్చిన రిపోర్టు కూడా ఉత్తదే. జ్వరం వచ్చిన రెండో రోజుకి ఆ కార్డులో ఏమీ తెలీదు. మీరు మళ్ళీ చూడమన్నారు, అదే సరైనది. నేనే చూడలేదు. మీ తప్పేం లేదు, వేరే దోమేం కుట్టలేదు."

"రాజ్యలక్ష్మీ, ఒకసారి లోపలికి రా" అన్నారు డాక్టరు గారు.

"వస్తానండీ" అన్నాను, కానీ కదల్లేదు. కరుణ చేతిలో గొట్టం పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బెంచీ మీద ఎవరో తన రిపోర్టు తీసి మళ్ళీ చదువుకుంటున్నారు.

మస్తాన్ గారు రంగు మరకలున్న వేళ్ళతో కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి అడిగాడు.

"రెండో రోజుకి తెలీదన్న సంగతి అప్పుడు మీకు తెలుసా మేడం?"

"తెలుసు."

"మరి నవ్వారెందుకు?"

అరుస్తూ అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. పిల్లలూ, ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని ప్రశ్నలడిగినా ఏదో ఒక జవాబు చెప్పాను. దానికి మాత్రం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ లేదు.

ఆయన లడ్డూల డబ్బా వెనక్కి తీసుకోలేదు. నాకో దణ్ణం పెట్టి గుమ్మం వైపు వెళ్ళాడు. గుమ్మం పక్కన బెంచీ చివర చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని ఒకావిడ కూర్చునుంది. పిల్ల ఒళ్ళు కాలిపోతున్నట్టుంది, తడిగుడ్డ వేసి ఉంది. ఆవిడ దగ్గర ఆగి, వంగి, నెమ్మదిగా చెప్పాడు.

"జ్వరం తగ్గకపోతే మళ్ళీ తీసుకురామ్మా. మేడం నవ్వినా సరే, తీసుకురా."